కేబులు వేడి – గది చల్లదనం : ఒక చిన్న లెక్క

మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసిన ఒక విద్యార్థి కొంతకాలం క్రిందట నన్ను చూడడానికి వచ్చాడు. అతడు ఒక కాంట్రాక్టరు వద్ద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాడు. చేతిలో ఒక లెక్క కాగితం, ముఖంలో చిన్నబోయిన భావం. ఒక ఆసుపత్రి భవనంలో విద్యుత్ గదికి ఎంత చల్లదనం అవసరమో లెక్క వేయమని పై అధికారి అతనికి అప్పగించాడట. ఇతడు కేబుళ్ళ వేడి ఒక్కటే అయిదు టన్నుల శీతలీకరణ కోరుతుందని తేల్చాడు. అధికారి నవ్వి, "కేబులు వేడి అంటూ ఏమీ ఉండదు, సున్న వేసుకో" అని కాగితాన్ని ప్రక్కకు నెట్టివేశాడు. గదికి ఒక చిన్న ఎగ్జాస్టు ఫ్యాను మాత్రం బిగించారు.

"సార్, నేను వేసింది తప్పా, ఆయన చెప్పింది తప్పా?" అని ఆ విద్యార్థి అడిగాడు.

నేను తెలుగు అధ్యాపకుణ్ణి, ఇంజనీరును కాను. అయినా శిష్యుడు అడిగిన ప్రశ్నను వదలలేక, భౌతికశాస్త్ర విభాగంలోని మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రెండు సాయంత్రాలు ఆ కాగితంతో కుస్తీ పట్టాను. తేలినదేమంటే ఇద్దరూ తప్పే. ఆ రెండు తప్పుల మధ్య ఉన్న నిజాన్ని విద్యార్థి మిత్రులకు అందించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎనిమిదవ తరగతి గణితం వచ్చినవారెవరైనా దీనిని అనుసరించవచ్చు.

1. "నష్టం" అనే మాట

ఇంజనీర్లు కేబులులో కలిగే వేడిని "విద్యుత్ నష్టం" అంటారు. తెలుగులో నష్టమన్నా, ఉర్దూలో నుక్సాన్ అన్నా, పోయినది ఇక లేదనే అర్థం మనకు స్ఫురిస్తుంది. ఈ అపార్థం వల్లనే "నష్టం" అన్నదాన్ని లెక్కలోనుండి కొట్టివేయాలని మనసుకు తోస్తుంది. కాని ప్రకృతిలో శక్తి నశించదు, రూపం మార్చుకొంటుంది. వినియోగదారునికి చేరకుండా పోయిన శక్తి, కేబులు ఏ గదిలోనుండి పోతున్నదో ఆ గది గాలిలోనే వేడిగా తేలుతుంది. విద్యుత్ పంపేవానికి అది నష్టం. ఆ గదికి మాత్రం అది రాబడి. వద్దన్నా వచ్చిపడే రాబడి. గదికి వచ్చిన దానిని గదినుండి బయటికి పంపే బాధ్యత కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి.

2. జౌల్ చూపిన బాట

ఈ వేడికి లెక్క కట్టినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఆయన 1818లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో, బీరు కాచే వ్యాపారం గల కుటుంబంలో జన్మించాడు. 1840 ప్రాంతంలో, ఇరవై ఒక్క ఏండ్ల వయసులో, తీగచుట్టను నీళ్ళలో ముంచి, దానిగుండా విద్యుత్తును పంపి, నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో ఉష్ణమాపకంతో కొలిచాడు. 1841లో ఫలితాన్ని ప్రకటించాడు. తీగలో పుట్టే వేడి దాని నిరోధానికి, ప్రవాహం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నదే ఆ ఫలితం. అనగా,

వేడి (వాట్లలో) = ప్రవాహం × ప్రవాహం × నిరోధం.

ఈ సూత్రం మన విద్యార్థులందరికీ కంఠస్థమే. కాని దానిలోని "వర్గం" అన్న మాట బరువు చాలామంది గమనించరు. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. ప్రవాహం సగమైతే వేడి నాలుగవ వంతుకు పడిపోతుంది. కేబులు లెక్కలో జరిగే పొరపాట్లలో సగం ఈ ఒక్క మాటను మరచిపోవడం వల్ల కలిగేవే.

3. నిరోధం ఎంత?

నిరోధం నాలుగింటిని బట్టి ఉంటుంది: లోహం, తీగ పొడవు, తీగ మందం, ఉష్ణోగ్రత. పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. మందం పెరిగితే తగ్గుతుంది. వీటిని ప్రతిసారీ మొదటినుండి కట్టనవసరం లేదు. కేబులు వాహకాల నిరోధాలను భారతీయ ప్రమాణం 8130 పట్టికగా ఇచ్చింది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 240 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వాహకానికి కిలోమీటరుకు 0.125 ఓములు, అదే మందంగల రాగికి 0.0754 ఓములు. అందువల్ల ఒకే ప్రవాహానికి, ఒకే మందానికి, రాగి కేబులు వెలువరించే వేడి అల్యూమినియం వేడిలో దాదాపు 60 శాతమే.

అయితే పనిలో ఉన్న కేబులు 20 డిగ్రీల వద్ద ఉండదు. లోహం వేడెక్కినకొద్దీ నిరోధం పెరుగుతుంది: అల్యూమినియంకు డిగ్రీకి 0.00403 వంతు, రాగికి 0.00393 వంతు. పీ.వీ.సీ. ఇన్సులేషను గల కేబులులో వాహకం 70 డిగ్రీల వరకు, ఎక్స్.ఎల్.పీ.ఈ. ఇన్సులేషను గలదానిలో 90 డిగ్రీల వరకు నిరంతరంగా వేడెక్కవచ్చునని పరిమితి. 90 డిగ్రీల వద్ద అల్యూమినియం నిరోధం,

0.125 × (1 + 0.00403 × 70) = 0.160 ఓములు, కిలోమీటరుకు.

అనగా పట్టికలోని విలువకంటె 28 శాతం ఎక్కువ. దీనిని వదలివేస్తే మన లెక్క మొదటి అడుగులోనే తక్కువగా వస్తుంది. ఏకాంతర ప్రవాహం తీగ ఉపరితలం వైపు ఒదిగి ప్రవహించడంవల్ల మరికొద్ది శాతం పెరుగుదల ఉంటుంది. ఈ మందానికి అది స్వల్పం కనుక ఇక్కడ వదలుతున్నాను.

4. మీటరుకు ఎన్ని వాట్లు?

మన విద్యార్థి కాగితంలోని గదినే తీసుకొందాం. గదిలోనికి 1000 ఆంపియర్ల ప్రవాహం నాలుగు కేబుళ్ళలో వస్తున్నది. ఒక్కొక్కటి మూడున్నర కోర్ల 240 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబులు. ప్రతి కేబులుకు 250 ఆంపియర్లు. మూడు ఫేజులకు మూడు వాహకాలు కనుక, ఒక మీటరు పొడవులో,

3 × 250 × 250 × 0.00016 = 30 వాట్లు.

చూడడానికి ఇది చిన్న సంఖ్య. పాతకాలపు చిన్న బల్బు ఒకటి మీటరుకొకటి చొప్పున కేబులు పొడవునా వెలుగుతున్నట్లు ఊహించుకొంటే దాని బరువు తెలుస్తుంది.

ఆ కేబులు గాలిలో మోయగల గరిష్ఠ ప్రవాహం సుమారు 400 ఆంపియర్లు. విద్యార్థి 250కి బదులు ఈ 400ను తీసుకొన్నాడు. అప్పుడు మీటరుకు దాదాపు 77 వాట్లు వచ్చినవి. మోయగల బరువు వేరు, మోస్తున్న బరువు వేరు. బండి పది బస్తాలు మోయగలదు కదా అని, ఆరు బస్తాలే ఉన్న బండికి పది బస్తాల సుంకం కట్టము గదా! ఇది అతని మొదటి తప్పు.

5. గదిలో మొత్తం ఎంత?

లోపలికి వచ్చే నాలుగు కేబుళ్ళు గదిలో ఒక్కొక్కటి 12 మీటర్లు నడుస్తవి. మొత్తం 48 మీటర్లు.

48 × 30 = 1440 వాట్లు.

ప్యానెలు నుండి పది కేబుళ్ళు వేర్వేరు విభాగాలకు పోతున్నవి. అవి 70 చదరపు మిల్లీమీటర్లవి. ఒక్కొక్కదానిలో 100 ఆంపియర్లు. పట్టికలో నిరోధం 0.443, 90 డిగ్రీల వద్ద 0.568. మీటరుకు 3 × 100 × 100 × 0.000568 = 17 వాట్లు. గదిలో ఒక్కొక్కటి 8 మీటర్లు, మొత్తం 80 మీటర్లు.

80 × 17 = 1360 వాట్లు.

రెండూ కలిపితే 2800 వాట్లు, అనగా 2.8 కిలోవాట్లు.

విద్యార్థి ఇక్కడ రెండవ తప్పు చేశాడు. బయటికి పోయే కేబుళ్ళ పొడవు ప్యానెలు నుండి వార్డు వరకు 80 మీటర్లు కనుక, పదింటికీ 800 మీటర్లు తీసుకొన్నాడు. అందులో 720 మీటర్ల వేడి గది బయట, కారిడార్లలోనూ షాఫ్టులలోనూ వెలువడుతుంది. అది ఈ గది అప్పు కాదు. అలా వేసినందువల్ల బయటికి పోయే కేబుళ్ళకు 13.6, లోపలికి వచ్చే వాటికి 3.7, వెరసి 17.3 కిలోవాట్లు వచ్చినవి. నిజమైన సంఖ్యకు ఆరు రెట్లు!

6. మరికొన్ని మెలకువలు

లోడు తగ్గినప్పుడు: గదిలోని ప్రవాహాలన్నీ పూర్తి లోడులో మూడు వంతులే ఉన్నవనుకొందాం. అప్పుడు వేడి మూడు వంతులు కాదు, 0.75 × 0.75, అనగా 56 శాతం. 2.8 కిలోవాట్లు 1.6కు తగ్గుతవి.

సగటుల మోసం: ఒక కేబులులో రోజుకు 8 గంటలు 300 ఆంపియర్లు, 16 గంటలు 100 ఆంపియర్లు ప్రవహిస్తే సగటు ప్రవాహం 167 ఆంపియర్లు. ఆ సగటును వర్గం చేసి వేడి కట్టకూడదు. ముందు వర్గాలు చేసి, తర్వాత సగటు తీయాలి. అలా చేస్తే రోజు మొత్తపు వేడి, మొదటి పద్ధతిలో వచ్చినదానికంటె 32 శాతం ఎక్కువని తేలుతుంది. ఇక శీతలయంత్రం పరిమాణం నిర్ణయించడానికి ఈ సగటు కూడా చాలదు. ఆ 8 గంటల గరిష్ఠ ప్రవాహాన్నే చూడాలి. చిన్న గది గంటల తరబడి వేడిని దాచుకోలేదు.

న్యూట్రల్ తీగ: మూడు ఫేజులు సమంగా ఉంటే న్యూట్రల్‌లో ప్రవాహం ఉండదని పుస్తకాలు చెబుతవి. అందుకే దానిని సగం మందంతో చేసి "మూడున్నర కోర్లు" అంటారు. కాని కంప్యూటర్లు, యూ.పీ.ఎస్.లు, ఎలక్ట్రానిక్ దీపాలు ప్రవాహాన్ని సాఫీ తరంగంగా కాక తునకలుగా గుంజుకొంటవి. అందువల్ల పుట్టే మూడవ హార్మోనిక్ మూడు ఫేజులలోనూ ఒకేసారి లేచి, న్యూట్రల్‌లో ఒకదానినొకటి రద్దు చేసుకొనక కూడుకొంటుంది. మన 250 ఆంపియర్లకు తోడు అందులో మూడవ వంతు మూడవ హార్మోనిక్ ఉంటే న్యూట్రల్‌లో కూడా 250 ఆంపియర్లు ప్రవహిస్తవి. సగం మందంగల ఆ తీగ ఒక్కటే మీటరుకు 20 వాట్లు వెలువరిస్తుంది. ఫేజుల వేడి 30 నుండి 33కు పెరుగుతుంది. మొత్తం 53 వాట్లు! ఆసుపత్రులు, కంప్యూటరు కేంద్రాలు ఉన్నచోట ఈ సంగతి మరువరాదు.

ఒంటి కోరు కేబుళ్ళు: మూడు ఫేజులు ఒకే కేబులులో ఉంటే వాటి అయస్కాంత క్షేత్రాలు పరస్పరం రద్దవుతవి. ఒంటి కోరు కేబుళ్ళలో అలా జరగదు. వాటిని విడివిడిగా ఉక్కు పలకలోని వేర్వేరు రంధ్రాలగుండా దూర్చితే ఆ పలకే కాగిపోతుంది. అందుకే వాటిని మూడింటినీ ముక్కోణంగా కట్టి నడపాలి. వాటికి ఉక్కు కవచం కాక అయస్కాంత గుణం లేని కవచం వాడాలి.

ఇన్సులేషనులో నష్టం: ఇన్సులేషను పొరలో కూడా కొద్ది శక్తి వేడిగా మారుతుంది. 11 కిలోవోల్టుల ఎక్స్.ఎల్.పీ.ఈ. కేబులుకు సైతం అది మీటరుకు ఒక వాటులో వందవ వంతుల లెక్కలోనే ఉంటుంది. గది చల్లదనం లెక్కలో దానికోసం కాగితం ఖర్చు చేయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

90 డిగ్రీలు నిజమేనా: 400 మోయగల కేబులు 250 మాత్రమే మోస్తుంటే అది 90 డిగ్రీలకు చేరదు. ఉష్ణోగ్రత పెరుగుదల కూడా దాదాపుగా ప్రవాహ వర్గాన్నే అనుసరిస్తుంది. 40 డిగ్రీల గాలిలో పూర్తి ప్రవాహానికి పెరుగుదల 50 డిగ్రీలు; మన ప్రవాహానికి 0.39 వంతు, సుమారు 20 డిగ్రీలు. కనుక వాహకం 60 డిగ్రీల వద్ద ఉంటుంది. వేడి 30 కాక 27 వాట్లు. అయితే ట్రేలో కేబుళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉంటే ఇంకా వేడెక్కుతవి. అందుచేత 30 వాట్లే వేసుకోవడం క్షేమం. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నారు. అయితే కర్ర తాటిచెట్టంత ఉండకూడదు.

7. ఆ వేడి బయటికి పోయేదెలా?

2.8 కిలోవాట్ల వేడిని గదిలోనే వదలితే ఏమవుతుంది? గది 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు. గోడలు, పైకప్పు కలిపి 131 చదరపు మీటర్లు. గోడలగుండా చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 2 వాట్లు పోతవనుకొంటే, గది బయటికంటె దాదాపు 11 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన తర్వాతగాని రాక, పోక సమానం కావు. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే లోపల 53 డిగ్రీలు. ఇది కేబుళ్ళ వాటా మాత్రమే. ప్యానెళ్ళ వేడి, పైకప్పుమీద ఎండ వేరు.

గాలితో పంపాలంటే: ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 1.2 కిలోజౌళ్ళు కావాలి. గది బయటికంటె 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకొంటే సెకనుకు 2.8 ÷ (1.2 × 5) = 0.47 ఘనపు మీటర్ల గాలి, గంటకు దాదాపు 1700 ఘనపు మీటర్లు కావాలి. బయటికి తోసే ఫ్యాను ఉన్నంతమాత్రాన చాలదు. లోపలికి గాలి వచ్చే దారి కూడా ఉండాలి.

యంత్రంతో చల్లబరచాలంటే: ఒక "టన్ను" శీతలీకరణ అంటే 3.5 కిలోవాట్లు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగడానికి తీసుకొనే వేడి నుండి ఈ కొలత వచ్చింది. మన కేబుళ్ళ వాటా 2.8 ÷ 3.5 = 0.8 టన్ను. విద్యార్థి అయిదు టన్నులన్నాడు, అధికారి సున్న అన్నాడు. నిజం ముప్పాతిక టన్నుకు కొంచెం పైన ఉన్నది.

8. ఇంత శ్రద్ధ ఎందుకు?

0.8 టన్నుకు ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చు. గది వేడెక్కితే మొదట దెబ్బతినేది కేబులు సామర్థ్యమే. మన దేశపు పట్టికలు గాలి ఉష్ణోగ్రతను సాధారణంగా 40 డిగ్రీలుగా తీసుకొంటవి. గది 50 డిగ్రీలకు చేరితే ఎక్స్.ఎల్.పీ.ఈ. కేబులుకు మిగిలే ఉష్ణోగ్రతా భేదం 50 కాక 40 డిగ్రీలే. వేడి ప్రవాహ వర్గాన్ని అనుసరిస్తుంది కనుక మోయగల ప్రవాహం, 40ని 50తో భాగించగా వచ్చిన దాని వర్గమూలం, అనగా 0.89 వంతు. 400 ఆంపియర్లది 358కి దిగుతుంది. పీ.వీ.సీ. కేబులుకు ఇది 0.82 వంతే. పరిమితి దాటి ఉష్ణోగ్రత పెరుగుతున్నకొద్దీ ఇన్సులేషను ఆయుర్దాయం వేగంగా తరుగుతుంది. సుమారు పది డిగ్రీలకు సగమవుతుందని ఇంజనీర్లు వాడుకగా చెప్పుకొంటారు.

కేబులు వేడి పోయేదారి మూసుకొనిపోతే ఒక నగరమే చీకటిలో పడగలదనడానికి న్యూజిలాండులోని ఆక్లాండ్ నిదర్శనం. 1998 జనవరి, ఫిబ్రవరి నెలలలో, వేసవిలో, ఆ నగర నడిబొడ్డుకు విద్యుత్తు తెచ్చే 110 కిలోవోల్టుల భూగర్భ కేబుళ్ళు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చెడిపోయినవి. ఎండిన నేల వేడిని సరిగా గ్రహించలేకపోవడం, ఒకటి చెడగా దాని భారం మిగిలినవాటిపై పడడం అందుకు తోడ్పడినవి. నగర కేంద్రంలో వ్యాపారం అయిదు వారాలపాటు స్తంభించింది. అక్కడ నేల, ఇక్కడ గది గాలి, సూత్రం ఒక్కటే.

మన ఆసుపత్రి గదిలో కూడా ఆ మే నెలలోనే ఫలితం కనబడింది. ఒక మధ్యాహ్నం, లోడు మామూలుగానే ఉండగా, ఒక వార్డుకు పోయే బ్రేకరు తెగిపోయింది. బ్రేకరులోని ద్విలోహపు పట్టీ గది వేడికే సగం వంగి ఉన్నది. కాస్త ప్రవాహానికే మిగిలిన సగం వంగింది. రోగులు గంటకు పైగా ఫ్యాను లేక ఉక్కలో ఉన్నారట. ఆ తర్వాత మన విద్యార్థి రెండవసారి వేసిన కాగితాన్ని అధికారి చదివాడు. పెద్ద ఫ్యాను, గాలి వచ్చే జాలీ, ఒక శీతలయంత్రం అమర్చారు.

"మొదటిసారి సరిగా వేసి ఉంటే ఆయన అప్పుడే వినేవాడేమో సార్" అన్నాడు ఆ విద్యార్థి. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. తక్కువ వేసిన లెక్క ప్రమాదం తెస్తుంది. ఎక్కువ వేసిన లెక్క నమ్మకాన్ని చంపుతుంది. దానితోపాటు అందులోని నిజం కూడా చస్తుంది. అతనికి సూత్రం వచ్చును. ఏ ప్రవాహం, ఎంత పొడవు, ఏ ఉష్ణోగ్రత అని అడగడం మాత్రం రాలేదు. అది అతని లోపం కంటె మా బోధన లోపమేనని ఒప్పుకొంటున్నాను.

కనుక కళాశాల పాలక సంఘం వారికి ఒక మనవి. మన భవనంలో మెట్లక్రింద ఉన్న ప్యానెలు గదిలో పాత జవాబు పత్రాల కట్టలు పేర్చి ఉన్నవి. దాని వెంటిలేటరు అట్టముక్కతో మూసి ఉన్నది. ఆ కట్టలు తీయించి, ఆ అట్ట తొలగించి, ఒక క్లాంపు మీటరు ఇప్పిస్తే, ఆ గదే మన విద్యార్థులకు మంచి ప్రయోగశాల అవుతుంది.

అభ్యాసం

(1) 185 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబులు నిరోధం 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 0.164 ఓములు. వాహకం 90 డిగ్రీల వద్ద ఉండగా 200 ఆంపియర్లకు మీటరుకు ఎంత వేడి?

(2) నిరోధం మారదనుకొని, అదే కేబులులో ప్రవాహం 120 ఆంపియర్లకు తగ్గితే ఎంత?

(3) గది 45 డిగ్రీలకు చేరితే పీ.వీ.సీ. కేబులు తన సామర్థ్యంలో ఎన్నవ వంతు మోయగలదు?

జవాబులు: (1) సుమారు 25 వాట్లు. (2) సుమారు 9 వాట్లు. (3) 0.91 వంతు.